పునరుత్థాన కాలపు యాభై రోజులకు ఒక పుస్తకం: పెంగ్విన్ వారి ‘ఎర్లీ క్రిస్టియన్ రైటింగ్స్’

శ్రమల దినాల్లో మన సంఘాల్లో నలభై రోజులూ కూడికలుంటాయి, ధ్యానాల పుస్తకాలుంటాయి. ఈస్టర్ దాటిందంటే ఆ పుస్తకాలు అలమర ఎక్కేస్తాయి. నిజానికి పెంతెకొస్తు దాకా సాగే పండుగ కాలం (కాథలిక్కుల పాస్కా కాలం) శ్రమల దినాలకన్నా పెద్దది. ఆ యాభై రోజులూ బైబిలు పక్కన పెట్టుకుని చదవడానికి ఇంగ్లీషు వచ్చినవారికి తొలి క్రైస్తవుల రచనల సంపుటి అయిన ఈ పుస్తకాన్ని గట్టిగా సిఫారసు చేస్తాం. మ్యాక్స్‌వెల్ స్టానిఫోర్త్ అనువాదం 1968లో వచ్చింది. 1987లో ఆండ్రూ లౌత్ దాన్ని సవరించి కొత్త పరిచయాలు రాశారు. కొంటే ఆ ముద్రణే కొనండి.

ఇందులో ఉన్నవి: రోమా సంఘం తరఫున క్లెమెంతు కొరింథుకు రాసిన లేఖ, అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ ఏడు లేఖలు, స్ముర్న బిషప్ పాలికార్పు లేఖ, ఆయన హతసాక్ష్యపు కథనం, డయోగ్నిటస్ అనే వ్యక్తికి రాసిన లేఖ, బర్నబా పేరిట ఉన్న లేఖ, డిడాకే (తొలి సంఘపు బోధ, ఆచారాల చిన్న పుస్తకం). అన్నీ కలిపితే 241 అధ్యాయాలు. చాలావరకు ఒకటి రెండు పేరాలే.

పుస్తకంలోని వరుసలో మాత్రం చదవకండి. మొదట ఎదురయ్యేది క్లెమెంతు 65 అధ్యాయాలు. పదవుల నుంచి తొలగించిన పెద్దల తగాదా, అసూయ మీద పాత నిబంధన ఉదాహరణలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అక్కడ మొదలుపెట్టినవారు చాలామంది మొదటి వారంలోనే ఆపేస్తారు.

ఈస్టర్ రోజున డిడాకేతో మొదలుపెట్టండి. రోజుకు రెండు అధ్యాయాల చొప్పున 16 అధ్యాయాలూ తర్వాతి ఆదివారానికి పూర్తవుతాయి. బుధవారం వచ్చే 7వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. బాప్తిస్మం పారే నీటిలో ఇవ్వాలి. అది లేకుంటే వేరే నీటిలో. చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లలో. రెండూ తగినంత లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తలమీద మూడుసార్లు పోస్తే చాలు. అంత తొలినాళ్లలోనే నియమమూ ఉంది, వెసులుబాటూ ఉంది. 8వ అధ్యాయం బుధ, శుక్రవారాల ఉపవాసం చెబుతుంది. అది చదివి ఈ యాభై రోజుల్లోనే ఉపవాసం మొదలుపెట్టకండి. పెంతెకొస్తు దాకా ఉపవాసమూ మోకరింపూ ఉండవని తొలి సంఘ రచయిత తెర్తుల్లియన్ కాలానికే ఆచారం. అదే అధ్యాయంలోని మరో మాట, రోజుకు మూడుసార్లు ప్రభువు ప్రార్థన, ఇప్పుడే పాటించవచ్చు.

తర్వాత 16 రోజులు ఇగ్నేషియస్. ఎఫెసుకు నాలుగు రోజులు, మగ్నీసియకు మూడు, పాలికార్పుకు రాసిన దానికి ఒకటి, మిగతా నాలుగు లేఖలకు రెండేసి. పదిమంది సైనికుల కాపలాలో రోముకు, మృగాల చేత చంపించే శిక్షకు వెళ్తూ రాసిన ఉత్తరాలివి. పునరుత్థాన కాలానికి వీటికి మించినవి ఈ సంపుటిలో లేవు. స్ముర్నకు రాసిన 3వ అధ్యాయాన్ని లూకా 24:39తో, ఎఫెసుకు రాసిన 20వ అధ్యాయాన్ని యోహాను 6తో కలిపి చదవండి. బిషప్ మాట దాటొద్దని ఆయన పదేపదే చెప్పడం కొందరికి విసుగు పుట్టిస్తుంది. క్రీస్తు నిజంగా శరీరంతో లేవలేదనే బోధ సంఘాలను చీలుస్తున్నప్పుడు ఆయన పట్టుకున్న కట్టుబాటు అదని గుర్తుంచుకుంటే ఆ పట్టుదల అర్థమవుతుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత అనువాదాల్లో ఒకే లేఖ చిన్నదిగా, పెద్దదిగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. పెద్దదాంట్లో నాలుగో శతాబ్దపు చేర్పులున్నాయి. చిన్నదే చదవండి.

పాలికార్పు లేఖకు రెండు రోజులు, హతసాక్ష్యానికి మూడు. ఎనభై ఆరేళ్లు సేవించిన రాజును ఎలా దూషించనన్న జవాబు 9వ అధ్యాయంలో ఉంది. దానికన్నా ముందు 4వ అధ్యాయం చూడండి. తనంతట తానే ముందుకెళ్లిన క్వింటస్ మృగాలను చూసి బెదిరి దేవతలకు ధూపం వేసేస్తాడు. మరణం కోసం ఇగ్నేషియస్ పడే తహతహను అనుకరించాలనిపించేవారికి ఇది సరైన విరుగుడు. డయోగ్నిటస్ లేఖకు నాలుగు రోజులు చాలు. 5, 6 అధ్యాయాలు దాని ప్రాణం, చివరి రెండూ వేరే చేతివి.

క్లెమెంతు అప్పుడు. మొదటి రోజు మూడు అధ్యాయాలు, ఆపై రోజుకు నాలుగు, చివరి రెండు రోజులూ ఐదేసి. ఇలా అయితే పునరుత్థానం గురించిన 24–27 ఒకే రోజు వస్తాయి: రాత్రీ పగలూ, నేలలో పడిన విత్తనం, ఐదువందల ఏళ్లకోసారి చనిపోయి, కుళ్లిన తన శరీరంలో పుట్టిన పురుగు నుంచి మళ్లీ పక్షిగా లేచే ఫీనిక్స్. ఆ పక్షి కథను ఆయన నిజమని నమ్మి రాశాడు. 1 కొరింథీ 15 పక్కన పెడితే ఆయన చెప్పదలచింది తేటపడుతుంది.

బర్నబా లేఖను భక్తి పఠనానికి సూచించం. నిబంధన యూదులది కాదని కఠినంగా వాదిస్తుంది, ఆహార నియమాలను వింతగా తిప్పుతుంది. ప్రభువు లేచిన ఎనిమిదో దినాన్ని సంతోషంగా ఆచరిస్తామన్న 15వ అధ్యాయం ఒక్కటి యాభయ్యో రోజున, పెంతెకొస్తు ఆదివారం చదివితే చాలు.

ఈ సంపుటిలో పాస్కా పండుగ మీదే చేసిన ప్రసంగం ఒక్కటీ లేదు. అది కావాలంటే రెండో శతాబ్దపు సార్దీసు బిషప్ మెలిటో ప్రసంగం విడిగా తీసుకోవాలి. అందులో ఇశ్రాయేలును దూషించే భాగం పెద్దదే, కుటుంబ ప్రార్థనలో చదివేవారు ముందే చూసుకుని వదిలేయాలి.