వంకర కాడ మంచు పార: రెండు చలికాలాలు వాడాక

ఈ పార కొన్న వారానికే సమీక్ష రాద్దామనుకున్నాను. కొత్తలో ఏ పారైనా బాగానే ఉంటుంది కదా అని ఆగాను. ఇప్పటికి రెండు చలికాలాలు గడిచాయి. నా చేతులు పట్టుకునే చోట కాడ రంగు పూర్తిగా పోయింది. అంచుకున్న అల్యూమినియం పట్టీ ఒక మూల అరిగి గుండ్రబడింది. నా నడుము మాత్రం ఇంకా నా మాట వింటోంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇంట్లో మంచు ఎత్తే పని నాది. మా ఆయనకు వెన్నులో డిస్కు జారి నాలుగేళ్లయింది. బరువులు ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. ఆ మాటను ఆయన ఎంతో శ్రద్ధగా పాటిస్తున్నారు. కిటికీ అద్దం తుడుచుకుని లోపలినుంచి వేలితో చూపిస్తూ "అక్కడ కొంచెం మిగిలింది" అని చెప్పడం బరువు పని కిందికి రాదట.

దీనికి ముందు నా దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పున్న పార ఉండేది. వెడల్పు ఎక్కువైతే పని త్వరగా తెములుతుందని లెక్క వేసుకుని కొన్నాను. ఆ లెక్క సగమే వేశానని తర్వాత తెలిసింది. మా ఇంటి ముందు కారు దారి 3 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు. దాని మీద 20 సెంటీమీటర్ల మంచు పడిందంటే 7.2 ఘనపు మీటర్లు. అప్పుడే కురిసిన తేలికపాటి మంచయితే ఘనపు మీటరుకు ఇంచుమించు 100 కిలోలు తూగుతుంది, అంటే మొత్తం 720 కిలోలు. అదే సున్నా డిగ్రీల దగ్గర కురిసే తడి మంచయితే ఘనపు మీటరుకు 300 కిలోలకు కూడా చేరుతుంది. అప్పుడు అదే దారి మీద 2,160 కిలోలు! చూడటానికి రెండూ ఒకటే తెలుపు. పార కింద పెట్టి లేపినప్పుడే తేడా తెలుస్తుంది.

ఆ పాత పార నిండా తడి మంచు తీస్తే, 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు, 15 సెంటీమీటర్ల ఎత్తున పోగు పడేది. అంటే 36 లీటర్లు, దాదాపు 11 కిలోలు. చేతులు చాపి, నడుము తిప్పి, పక్కకు విసరాలి. అలా రెండు వందల సార్లు. ఈ కొత్త పార వెడల్పు 45 సెంటీమీటర్లు. ఎంత ఆశపడి నింపినా ఆరు కిలోలు దాటదు. విసుర్లు ఎక్కువవుతాయి, నిజమే. కానీ పని పూర్తయ్యాక నేను మెట్లు ఎక్కగలుగుతున్నాను. ఈ సమీక్షలో ఒక్క ముక్కే చదివే ఓపిక ఉన్నవారు ఇది చదివితే చాలు: వెడల్పు తక్కువ ఉన్నదే కొనండి.

పాత పార సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మైనస్ 22 డిగ్రీలున్న ఒక పొద్దున, గడ్డకట్టిన కాలిముద్రను గీకబోతే టప్పుమని నిలువునా చీలింది. ముక్క తిరగేసి చూస్తే వెనకాల చిన్న త్రిభుజంలో 5 అని అచ్చు ఉంది. అంటే పాలీప్రొపిలీన్. ఆ రకం ప్లాస్టిక్ సున్నా కిందికి పోయేకొద్దీ పెళుసుబారుతుంది. త్రిభుజంలో 2 ఉంటే గట్టి రకం పాలీఇథిలీన్, అది చలికి బాగా ఓర్చుకుంటుంది. ఈ కొత్త పార మీద 2 ఉంది. కొనే ముందు పారను బోర్లించి చూడటం అప్పటినుంచి నాకు అలవాటైంది. పాత పార తయారుచేసినవారికి ఉత్తరం రాస్తే "చల్లని ప్రదేశాల్లో జాగ్రత్తగా వాడండి" అని జవాబు వచ్చింది. మంచు పారను వెచ్చని ప్రదేశంలో ఎలా వాడాలో వారు రాయలేదు.

ఇక వంకర. ఈ పార కాడ మధ్యలో ఒకచోట లోపలికి వంగి, మళ్లీ పైకి లేస్తుంది. నేను మొదటిసారి బయటికి తెచ్చినప్పుడు పక్కింటి పెద్దావిడ చీపురు ఆపి మరీ చూశారు.

"తీసుకొచ్చేటప్పుడే వంగిపోయినట్టుందే. మార్చి ఇమ్మని అడగలేకపోయావా?"

"ఇది ఇలాగే చేశారండీ. నడుము కోసమట."

"నడుముకు కావలసింది వంకర కాదు, తొందరగా లేవడం" అని మళ్లీ ఊడ్చుకోసాగారు.

ఆవిడ పద్ధతే వేరు. మంచు పడుతుండగానే గంటకోసారి బయటికి వచ్చి, రెండు వేళ్ల మందం పేరుకోగానే చీపురుతో ఊడ్చేస్తారు. ఆవిడకు డెబ్బై దాటాయి. నేను నాలుగు గంటలు ఆగి ఒకేసారి ఎత్తుతాను, ఆవిడ ఎత్తనే ఎత్తరు. ఎండాకాలమంతా మేమిద్దరం చేయి ఊపుకోవడంతో సరిపెట్టుకుంటాం. మంచు పడితే మాత్రం మాటలకు అంతుండదు. "నిన్నటికంటే నయం." "గాలి లేకపోతే ఇదొక చలేనా!" "ఈ వేళ్లు నావేనా అనిపిస్తోంది." ఇవే మాటలు, ఏటా ఇవే. అయినా ఎప్పుడూ పాతబడవు.

గాలి గురించి ఆవిడ అనేది అక్షరాలా నిజం. మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, ముఖానికి తగిలే చలి గాలి లేనప్పుడు మైనస్ 20 లో ఉన్నంత. వాతావరణ శాఖలు చెప్పే ఆ రెండో అంకెనే నేను చూసుకుని బయలుదేరుతాను. పారకు మాత్రం మొదటి అంకే ముఖ్యం. వస్తువుకు గాలివల్ల అదనపు చలి ఉండదు, ఉన్న చలి దాకా త్వరగా చల్లబడుతుంది, అంతే.

వంకర పనిచేస్తుందా? పనిచేస్తుంది, కానీ సగం పనికే. కింది చెయ్యి ఆ వంపు దగ్గర పట్టుకుంటే పార నేలకు ఆనినా నేను సగమే వంగాల్సి వస్తుంది. తోసుకుంటూ పోవడానికి, తక్కువ ఎత్తుకు లేపి పక్కన వేయడానికి ఇంతకంటే హాయి లేదు. పక్కన కుప్ప నడుమెత్తు పెరిగాక చిక్కు మొదలవుతుంది. పైకి విసిరేటప్పుడు వంకర కాడ చేతిలో గిర్రున తిరుగుతుంది, మంచంతా నా బూటు మీదే పడుతుంది. జనవరి చివరికి వచ్చేసరికి కుప్పలు అంత ఎత్తవుతాయి కాబట్టి, ఆ నెలలో మాత్రం నేను తిన్నని కాడ పారను తలచుకుంటూ ఉంటాను.

మైనస్ 18 లో పొడి మంచు పడిన పొద్దుటి పూట ఈ పారను చూడాలి. అడుగు వేస్తే కిర్రుకిర్రుమంటుంది. అంత చలిలో అడుగు బరువుకు కూడా మంచు రేణువులు కరగవు, ఒకదానికొకటి రాసుకుని విరుగుతాయి, ఆ చప్పుడే అది. మిగతా లోకమంతా దుప్పటి కప్పినట్టు నిశ్శబ్దం. కొత్త మంచు నిండా గాలే కాబట్టి శబ్దాన్ని తాగేస్తుంది. ఆ నిశ్శబ్దంలో పార నేల మీద సర్రుమని సాగుతుంది. మంచు విడిపిండిలా ముందుకు దొర్లుతుంది, చివర్లో కొంచెం లేపి పక్కకు వంచితే మిగలకుండా జారిపోతుంది. అలాంటి రోజున ఇరవై నిమిషాల్లో దారి మొత్తం తోసేశాను, చెమట కూడా పట్టలేదు.

పార రేకు నల్లగా ఉండటం నాకు నచ్చిన మరో సంగతి. తయారుచేసినవారు ఎందుకు నల్లగా చేశారో తెలియదు కానీ, మా తొమ్మిదేళ్లవాడికి అది భూతద్దం బల్ల. చల్లబడిన రేకు మీద వాలిన ఒక్కొక్క రేణువు ఆరు చేతులతో విడిగా కనిపిస్తుంది. 1885లో అమెరికాలో వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మంచు రేణువుకు తన తొలి ఫొటో తీశాడు. ఆయన కూడా వాటిని నల్లని పలక మీదే పట్టేవాడు. ఆ కథ చెప్పినప్పటినుంచి మావాడు పార నాకు ఇవ్వడం లేదు, "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ నిలబడతాడు. ఊపిరి తగిలితే కరిగిపోతుందని ముక్కు మీద మఫ్లరు కట్టుకుని మరీ చూస్తాడు. మనకేమో అన్నిటికీ ఒకే మాట, మంచు! గడ్డి మీద తడికి అదే, దారి కనపడనివ్వని పొగకూ అదే, ఆకాశం నుంచి రాలేదానికీ అదే, కాలు జారి పడేసే గడ్డకూ అదే. పార పట్టాక ఆ నాలుగూ నాలుగు వేర్వేరు వస్తువులని తెలిసింది.

తడి మంచు రోజుల్లో ఈ పార నన్ను బాగా ఏడిపించింది. మంచు రేకుకు అతుక్కుని ఎంత విదిల్చినా రాలదు, విసిరిన దానిలో సగం వెనక్కి వస్తుంది. కొవ్వొత్తి తీసుకుని రేకు లోపలి వైపంతా రుద్దితే ఆ పూటకు జారుతుంది. మరుసటి పూటకు మళ్లీ రుద్దాలి. పార పెట్టెలో ఈ ముక్క ఎక్కడా రాయలేదు.

రోడ్డు శుభ్రం చేసే లారీ వచ్చి వెళ్లాక, మన దారి మొదట్లో మోకాలెత్తు గట్టు ఒకటి వదిలిపోతుంది. అది మంచు కాదు. మంచు, ఉప్పు నీళ్లు, గడ్డలు కలిపి గట్టిగా కుక్కిన గోడ. దానికి ఈ పార పనికిరాదు. అక్కడ మట్టి తవ్వే ఇనుప పారతో ముక్కలు చేసి, ఈ పారతో ఎత్తిపోయాలి. ఆ గట్టును గంటలోపు కదిలించకపోతే రాత్రికి రాయి అవుతుంది. లారీ చప్పుడు వినగానే పక్కింటి పెద్దావిడ, నేను ఇద్దరం ఒకేసారి తలుపు తెరుస్తాం. ఆ సమయంలో మాకు మాటలుండవు.

అడుగున మిగిలే గడ్డ పొరకు కూడా దీన్ని వాడకండి, పట్టీ వంగుతుంది. దానికి ఉప్పే దిక్కు. అదీ మామూలు ఉప్పు మైనస్ 10 దాటితే నత్తనడక నడుస్తుంది, మైనస్ 21 దాటితే అసలు కరిగించలేదు. అలాంటి రోజున ఇసుక చల్లుకుంటే కనీసం కాలు నిలుస్తుంది.

లోపాలు ఇంకా రెండున్నాయి. కాడ అల్యూమినియం గొట్టం. చెక్కతో పోలిస్తే అల్యూమినియం వేడిని ఎన్నో రెట్లు త్వరగా లాగేస్తుంది కాబట్టి, పలచటి తొడుగులతో పట్టుకుంటే పది నిమిషాల్లో అరచేయి మొద్దుబారుతుంది. సైకిలు హ్యాండిలుకు చుట్టే పట్టీ తెచ్చి వంపు దగ్గర నాలుగు వరుసలు చుట్టాను. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే ఊలు తొడుగులు వేసుకుంటే ఇంకా మేలు. రెండోది, రేకును కాడకు బిగించే రెండు మరలు. మొదటి నెలలోనే వదులై రేకు లటలటలాడింది. ఇప్పుడు స్క్రూడ్రైవరు కోటు జేబులోనే ఉంటుంది.

ఒక పొద్దున సగం దారిలో ఛాతీ పట్టేసినట్టనిపించి పార అక్కడే వదిలి లోపలికి వెళ్లాను. ఏమీ కాలేదు, పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బరువు లేపుతూ ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారి ఎగుస్తుంది, రెండూ కలిస్తే గుండెకు భారం అని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి పావుగంటకోసారి ఆగుతున్నాను. ఆగడానికి పిడి బాగుంది, గడ్డం ఆనించుకుని నిలబడవచ్చు. పక్కింటి కబుర్లకు అది సరిగ్గా సరిపోయే ఎత్తు.

మళ్లీ కొంటానా అంటే కొంటాను. అయిదుకు నాలుగు చుక్కలు. ఒకటి మరలకు తగ్గించాను.

పార గుమ్మం లోపలే పెట్టుకోండి. నేను ఒక రాత్రి అరుగు మీద వదిలేశాను, పొద్దునకు అది ఎక్కడుందో తెలియక చేతులతో తవ్వుకున్నాను. పోయిన మార్చిలో నాలుగు రోజులు ఎండ కాస్తే కడిగి, తుడిచి, అటక ఎక్కించబోయాను. పెద్దావిడ గోడ అవతలినుంచి "అప్పుడే ఎందుకమ్మాయీ, ఇంకోటి ఉంది" అన్నారు. నవ్వి ఎక్కించేశాను. అయిదో రోజున 14 సెంటీమీటర్లు పడింది, అదీ తడిది. నిచ్చెన వేసుకుని పార దింపుతుంటే ఆవిడ చీపురు చప్పుడు వినిపించింది.