స్కారా బ్రే: రాతి మంచాల ఊరు చూసొచ్చాం

స్కాట్లాండ్ పైన ఆర్క్నీ దీవులకు వెళ్ళేవాళ్ళు కారు లేకుండా ప్లాన్ వేసుకోవద్దు, బస్సులు ఉన్నాయి కానీ వాటి టైముకి మనం తిరగాల్సి వస్తుంది. స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని స్క్రాబ్‌స్టర్ రేవు నుంచి ఆర్క్నీలోని స్ట్రామ్‌నెస్‌కి ఫెర్రీలో గంటన్నర, కారు కూడా ఎక్కించుకోవచ్చు. సముద్రం పడనివాళ్ళు ముందే మాత్ర వేసుకోండి.

మేం చూడాలనుకున్న స్కారా బ్రే ఈ దీవుల్లోనే, సముద్రం ఒడ్డున ఉంది. 1850లో పెద్ద తుఫాను ఇసుకను ఎత్తుకుపోతే బయటపడింది. సుమారు 5000 ఏళ్ళ నాటి ఊరు, గిజా పిరమిడ్ల కంటే పాతది. ఇళ్ళలోకి దిగనివ్వరు, పైన గడ్డి బాట మీద నడుస్తూ తొంగి చూడాలి. ఇంత దూరం వచ్చి ఇదేనా అని మా పక్కన ఒకాయన గొణిగాడు గానీ, నాకైతే పైనుంచే బాగా అర్థమైంది: మధ్యలో పొయ్యి, అటూ ఇటూ రాతి పలకలు నిలబెట్టి కట్టిన మంచాలు, గుమ్మానికి ఎదురుగా మన వంటింటి గిన్నెల స్టాండులా రెండంతస్తుల రాతి అర. దీవిలో కలప తక్కువ, పలకలుగా చీలే రాయి ఎక్కువ, అందుకే సామానంతా రాయే. గోడల చుట్టూ తమ చెత్తాచెదారాన్నే దట్టంగా కూరి చలిగాలిని ఆపుకున్నారట! ఒక ఇంట్లో మాత్రం మంచాలే లేవు, రాతి పనిముట్లు చేసుకునే చోటు అంటారు. ముందు నమూనా ఇల్లు ఉంది, అందులోకి వెళ్ళొచ్చు. వంగి దూరాలి. దాన్ని చూశాకే అసలు ఊరికి వెళ్ళండి. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు మాత్రం జనం విపరీతం.

పక్కన స్కేల్ హౌస్ అని దొరగారి భవనం ఉంది, టైము లేకపోతే వదిలేయండి. మేస్‌హౌ సమాధి మాత్రం వదలొద్దు. గైడుతోనే పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి లోపలికి వెళ్ళే ఆ ఎత్తు తక్కువ సొరంగం కష్టమే, కానీ లోపల గోడల మీద వైకింగులు (పాతకాలపు ఉత్తర ఐరోపా సముద్ర యోధులు) గీకిన రాతలు చూస్తే ఆ కష్టం గుర్తుండదు. బ్రాడ్గర్ రాతి వలయానికి టికెట్ లేదు.

బసకి ఆర్క్నీలో పెద్ద ఊరైన కిర్క్‌వాల్‌లో హోటళ్ళూ షాపులూ ఎక్కువ. మేం ఫెర్రీకి దగ్గరని స్ట్రామ్‌నెస్‌లో దిగాం. ఊరు చక్కగా ఉంది, గది మాత్రం రాత్రంతా చల్లగానే ఉంది, శాకాహారం అని ముందే చెప్పినా పొద్దున టోస్టూ బీన్సే పెట్టారు. మళ్ళీ వెళ్తే వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటాం, బియ్యం, పచ్చడి మనతోనే.