సిరీస్ 3 ల్యాండ్ రోవర్‌లో 200 టీడీఐ ఇంజిన్: ఏళ్ల తరబడి నడిపాక

తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంజిన్ మార్చినందుకు నాకు సంతోషమే. అయితే అదొక్కటే మార్చి ఊరుకుని ఉంటే ఈపాటికి బండిని వదిలించుకునేవాణ్ణి. హార్స్‌పవర్ పెంచితే చాలు, పాత బండి లేచి పరిగెడుతుందని చాలామంది అనుకుంటారు. ఈ తరం బండ్లలో సగం పని బానెట్ కింద ఉంటే, మిగతా సగం ఇరుసుల్లో, బ్రేకు డ్రమ్ముల్లో ఉంటుంది. ఆ రెండో సగం గురించే ఎక్కువ రాస్తాను.

నాది 88 అంగుళాల వీల్‌బేస్ ఉన్న సిరీస్ 3. 1971 నుంచి 1985 దాకా తయారైన రకం. కంపెనీ ఇచ్చిన ఇంజిన్ 2286 సీసీ పెట్రోల్, బలం సుమారు 70 హార్స్‌పవర్. మంచి ఇంజినే, చెడ్డమాట అనను. ఐడిల్‌లో కూడా మెత్తగా లాగేది, ఏ మూలనైనా రిపేరు అయ్యేది. దాని ఇబ్బందల్లా రోడ్డు ఎక్కితేనే. కాస్త ఎత్తు కనబడితే మూడో గేరు, ఇంకాస్త ఎత్తుంటే రెండో గేరు. వెనక వచ్చే లారీకి దారి ఇవ్వడమే డ్రైవింగు. పైగా లీటరుకు ఆరు కిలోమీటర్లు దాటితే ఆ రోజు పండగ.

200 టీడీఐని ఎంచుకోవడానికి కారణం బలం కన్నా చుట్టరికం. 1989లో ల్యాండ్ రోవర్ వాళ్ల డిస్కవరీ మోడల్‌తో పాటు వచ్చిన ఈ 2495 సీసీ టర్బో డీజిల్, పాత రెండుంపావు లీటర్ల ఇంజిన్ వంశంలోదే. అందుకే సిరీస్ గేర్‌బాక్సు బెల్ హౌసింగ్‌కు (ఇంజిన్ వచ్చి అతికే గంట ఆకారపు తొడుగు) అడాప్టర్ ప్లేటు అక్కర్లేకుండా బోల్టులు కుదురుతాయి. డిస్కవరీలో దాని బలం 111 హార్స్‌పవర్, 1800 ఆర్‌పీఎం దగ్గరే 264 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. 1994లో వచ్చిన 300 టీడీఐ ఇంతకన్నా మెత్తగా నడుస్తుంది కానీ సిరీస్‌లో కూర్చోబెట్టడానికి చాకిరీ ఎక్కువ. వీ8 పెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. 1979లో కంపెనీయే 109 అంగుళాల సిరీస్ 3లో 3.5 లీటర్ల వీ8 పెట్టింది, అదీ 91 హార్స్‌పవర్‌కు తగ్గించి. అయినా దాని వెనక పాత గేర్‌బాక్సును ఉంచలేదు, రేంజ్ రోవర్ గేర్‌బాక్సు తెచ్చి పెట్టింది. బండిని తయారుచేసినవాళ్లే భయపడిన చోట నేను ధైర్యం చేయడం దేనికి?

బిగింపు గురించి కొంచెం. డిస్కవరీ నుంచి తీసిన ఇంజిన్‌కు టర్బో కిందివైపు ఉంటుంది, సిరీస్ చాసిస్ దగ్గర అది అడ్డం వస్తుంది. డిఫెండర్ రకానికి టర్బో పైన ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. నేను డిఫెండర్ మానిఫోల్డుతోనే పెట్టించాను. రేడియేటర్, ఇంటర్‌కూలర్ పక్కపక్కనే ఉంటాయి, ఆ జత వెడల్పెక్కువ. పాత ముందు ప్యానెల్ కోయడానికి మనసొప్పక, ఇంకో పాత ప్యానెల్ వెతికి దాన్ని కోయించాను. అసలుది గోడకు ఆనించి ఉంది, పెట్రోల్ ఇంజిన్ కూడా ఆయిల్ పోసి మూట కట్టి ఉంచాను. వైరింగ్ అంటారా, పెద్దగా చెప్పడానికేం లేదు. ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్, స్టాప్ సోలినాయిడ్‌కు (డీజిల్‌ను వదిలే, ఆపే కరెంటు వాల్వు) ఒక్క వైరు ఇస్తే ఇంజిన్ నడుస్తుంది. గ్లో ప్లగ్‌లకు ఒక రిలే, అంతే. కంప్యూటర్ లేని ఆఖరి తరం ఇంజిన్లలో ఇదొకటి. అందుకే ఇంత పాతబడినా నాకు దీనిమీద మోజు తగ్గలేదు.

ఇక అసలు సంగతి. ఇంజిన్ కూర్చున్న కొత్తలో బండి వేగం దాదాపు పెరగలేదు. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. సిరీస్ డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల సెట్టు) నిష్పత్తి 4.7, ట్రాన్స్‌ఫర్ బాక్సు (రోడ్డుకు హై రేంజ్, కష్టమైన దారికి లో రేంజ్ ఇచ్చే రెండో గేరు పెట్టె) హై రేంజ్‌లో 1.148. అంటే టాప్ గేరులో చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజిన్ సుమారు 5.4 సార్లు తిరగాలి. 7.50-16 టైర్లతో 3000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే వేగం 80 కిలోమీటర్ల చిల్లర. టీడీఐకి బలమంతా కింది ఆర్‌పీఎంలో ఉంటుంది, దాన్ని అరిపించి లాభం లేదు. చేతిలో బలం ఉంది, దాన్ని వాడుకునే గేరు లేదు. ఆ దశలో బండి నడపడం పాత ఇంజిన్‌తో కన్నా విసుగ్గా ఉండేది, ఎందుకంటే మోత మాత్రం రెట్టింపు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి ఓవర్‌డ్రైవ్, అంటే ఉన్న గేర్ల వేగం పెంచే అదనపు గేరు. ఫెయిరీ కంపెనీ చేసిన పాతవి 0.782 నిష్పత్తివి, గేర్‌బాక్సు వెనక బిగుస్తాయి. లో రేంజ్ గేర్లు యథాతథంగా మిగులుతాయి, అది దాని గొప్ప. కానీ ఈ టార్కంతా ఆ చిన్న పళ్ల చక్రాల మీద పడుతుంది, ఆయిల్ మట్టం చూసుకోవాల్సిన చోటు ఇంకొకటి పెరుగుతుంది. రెండో దారి రేంజ్ రోవర్ క్లాసిక్ నుంచి 3.54 డిఫరెన్షియల్ సెట్లు తెచ్చి రెండు ఇరుసుల్లోనూ వేయడం. 88 అంగుళాల బండికి ఇది దాదాపు నేరుగా కుదిరే పని. పది స్ప్లైన్ల (షాఫ్టు కొసన ఉండే గాడులు) పాత రకం చూసి తెచ్చుకోవాలి, తర్వాత వచ్చిన 24 స్ప్లైన్లవి మన షాఫ్టులకు పట్టవు. 109 అంగుళాల బండికి వెనక సాల్స్‌బరీ అనే వేరే రకం ఇరుసు ఉంటే అది వేరే కథ. ఒక ఇరుసులో వేసి రెండోదాన్ని తర్వాత చూద్దాం అనుకోకూడదు, ఫోర్ వీల్ వేసిన క్షణం ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

నేను 3.54 వైపే వెళ్లాను. ఒకే ఆర్‌పీఎంకు వేగం మూడో వంతు పెరిగింది. 3000 దగ్గర లెక్కకు 108 కిలోమీటర్లు. నేనెప్పుడూ అంత వేగం పోనివ్వను, 85 దగ్గర ఇంజిన్ 2400కి కాస్త లోపే తిరుగుతూ నిమ్మళంగా ఉంటుంది. అసలు బాగుపడింది ఎత్తులు ఎక్కడం. మునుపు రెండో గేరు పడే ఎత్తుల్ని ఇప్పుడు మూడులో, ఒక్కోసారి టాప్‌లోనే, యాక్సిలరేటర్ సగం కూడా తొక్కకుండా ఎక్కుతుంది. బరువెక్కిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది, కాడికి కట్టిన ఎద్దులా తల వంచుకుని లాగుతుంది. మైలేజీ లీటరుకు పది దగ్గరికి వచ్చింది. ఇంకో తమాషా: స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ బాక్సు నుంచి వస్తుంది కాబట్టి డిఫరెన్షియల్ మారినట్టు దానికి తెలియదు. నిజంగా 100లో పోతుంటే 75 చూపించేది. కేలిబ్రేషన్ చేయించేదాకా పక్కన కూర్చున్నవాళ్లు "ఇంత నెమ్మదిగా పోతూ ఇంత గాలేంటి" అనేవారు.

ఇందులో పోగొట్టుకున్నదీ ఉంది. లో రేంజ్ మొదటి గేరు మునుపు 40కి ఒకటి, ఇప్పుడు 30కి ఒకటి. ఐడిల్‌లో పాకే వేగం గంటకు 2.7 కిలోమీటర్ల నుంచి 3.6 దాకా పెరిగింది. అంకెల్లో ఇది చిన్నదే. బండరాళ్ల మధ్య దిగుతున్నప్పుడు మాత్రం కాలు ఊరికే బ్రేకు మీదికి పోతుంది. డీజిల్ కంప్రెషన్ కొంత ఆదుకుంటుంది కానీ పూర్తిగా కాదు. ఇంకోటి, 1500 ఆర్‌పీఎం లోపు టర్బో నిద్రలో ఉంటుంది. మెత్తటి ఇసుకలో నెమ్మదిగా కదిలేటప్పుడు పాత పెట్రోల్ ఇంజిన్ మెత్తదనం ఇప్పటికీ గుర్తొస్తుంది. రోజూ రాళ్లలోనే తిరిగేవాళ్లయితే ఓవర్‌డ్రైవ్ వైపే మొగ్గమంటాను. అడవి దాకా చేరడానికే సగం రోజు రోడ్డు మీద పోయే నాలాంటివాళ్లకు 3.54.

వెనక హాఫ్ షాఫ్టు (డిఫరెన్షియల్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఒకటి విరిగింది. ఆశ్చర్యమేమీ లేదు, సిరీస్ షాఫ్టులకు బలహీనమైనవన్న పేరు ముందునుంచీ ఉంది, నేను పెట్టింది ఒకటిన్నర రెట్లకు పైగా టార్క్. విరిగింది కూడా బురదలో కాదు, పొడి రాయి మీద చక్రం కాసేపు జారి ఒక్కసారిగా పట్టు దొరికినప్పుడు. మంచి విషయమేంటంటే చక్రం విప్పనక్కర్లేదు. ఫ్లాంజికి ఆరు బోల్టులు తీస్తే షాఫ్టు బయటికొస్తుంది, లోపల మిగిలిన ముక్కను లాగడమే ఓపిక పని. అప్పటినుంచి స్పేర్ షాఫ్టు సీటు కింద ఉంటుంది, కాలు కూడా కాస్త నెమ్మదించింది.

బ్రేకుల దగ్గర నేను రాజీపడలేదు, ఎవర్నీ పడనివ్వను. 88కి వచ్చేవి 10 అంగుళాల డ్రమ్ములు. 70 హార్స్‌పవర్‌కే అవి అంతంతమాత్రం. ముందు ఇరుసుకు 109 తాలూకు 11 అంగుళాల డ్రమ్ములు, రెండు లీడింగ్ షూలవి (రెండు షూలూ డ్రమ్ము తిరిగే దిశలో పట్టేవి), వేయించాను. డీజిల్‌కు మానిఫోల్డ్ వ్యాక్యూమ్ ఉండదు, అయితే 200 టీడీఐకి సొంత వ్యాక్యూమ్ పంపు ఉంది కాబట్టి సర్వో బ్రేకు (వ్యాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచేది) చక్కగా పనిచేస్తుంది. ఇప్పుడు ఆగుతుంది. నీళ్లలోంచి బయటికొచ్చాక మాత్రం డ్రమ్ము డ్రమ్మే, రెండు మూడుసార్లు తొక్కి ఆరబెట్టుకోవాల్సిందే.

మోత గురించి అబద్ధం చెప్పను. అల్యూమినియం పెట్టెలో డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్ అంటే వంటపాత్రల కొట్టే. ఫుట్‌వెల్‌లో, బానెట్ కింద మందపాటి మ్యాట్ వేశాక పక్కవాళ్లతో అరవకుండా మాట్లాడే స్థాయికి వచ్చింది, పాటలు వినాలన్న ఆశ వదులుకున్నాను. మీటర్లలో మాత్రం ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతది తప్పక పెట్టండి. పొడవాటి ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్ల మీటర్ కదలకముందే ఆ ముల్లు పైకి లేస్తుంది.

ఇక మెయింటెనెన్స్‌లో పాత ఇంజిన్‌తో పెద్ద తేడా టైమింగ్. దానికి గొలుసు, దీనికి బెల్టు. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి పుష్‌రాడ్లు వంగుతాయి. టైమింగ్ కవరు అడుగున వేడింగ్ ప్లగ్ పెట్టే రంధ్రం ఉంటుంది. లోతు నీళ్లలోకి దిగేముందు ప్లగ్ బిగించాలి, బయటికొచ్చాక తీసేయాలి. అది తెరిచి ఉంటేనే లోపలి సీలు కారుతోందో లేదో కింద పడే చుక్కల్ని చూసి తెలుస్తుంది. నూనె చుక్క కనబడితే బెల్టు తడుస్తోందన్నమాట, వాయిదా వేయకూడదు.

ఇంజిన్ వెతుకుతున్నవాళ్లకు: వీలైతే నడిచే బండితో సహా కొనండి. రేడియేటర్, ఇంటర్‌కూలర్, గొట్టాలు, బ్రాకెట్లు విడివిడిగా ఏరుకోవడం ఇంజిన్ బిగించడం కన్నా ఎక్కువ ప్రాణం తీస్తుంది. పత్రాల్లో ఇంధనం రకం, ఇంజిన్ నంబరు మార్పించడం, ఇన్సూరెన్సుకు తెలియజేయడం బిగించకముందే కనుక్కోండి. పాత వాహనాల కింద వచ్చే వెసులుబాట్లు కొన్నిచోట్ల దీనితో పోతాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి, అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ఆయిల్ పోసే మూత తీసి చూసినప్పుడు పొగ ఉధృతంగా ఊదుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఎంత తక్కువకు ఇచ్చినా ఆ ఇంజిన్ వద్దు.