టైమ్‌స్టాంప్ కన్వర్టర్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

ఆన్‌లైన్‌లో చీరలో, పచ్చళ్ళో అమ్ముకుంటూ పేమెంట్ రిపోర్ట్ దించుకుని నెలాఖరున లెక్కలు చూసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఆ రిపోర్ట్‌లో డేట్ ఉండాల్సిన చోట 1711917000 లాంటి పది అంకెల నంబర్ కనిపిస్తుంది కదా, అదే టైమ్‌స్టాంప్, అంటే 1970 జనవరి 1 నుంచి యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే టైమ్) ప్రకారం గడిచిన సెకన్లు. దాన్ని మామూలు డేట్‌గా మార్చి ఎక్సెల్ ఫైల్ ఇస్తుందని యాడ్ చూసి ఒక సాఫ్ట్‌వేర్‌కి లైఫ్‌టైమ్ లైసెన్స్ కట్టాను, రెండు వేల పైనే.

స్క్రీన్ మీద అంతా బాగానే చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో ఇండియా టైమ్ కూడా ఉంది, అందుకే ఎవరికీ డౌట్ రాదు. కానీ ఎక్స్‌పోర్ట్ కొట్టి ఫైల్ తీస్తే అందులో మాత్రం యూటీసీయే ఉంటుంది, అంటే మన టైమ్ కన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక. పైన నేను రాసిన నంబర్ అసలు 2024 ఏప్రిల్ 1 తెల్లవారుజాము 2 గంటలు, ఆ ఫైల్‌లో మార్చి 31 రాత్రి 8:30 అని పడింది. నెల మారిపోయింది, ఆర్థిక సంవత్సరమే మారిపోయింది! మాకు అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకి పంపమని పెట్టే ఆర్డర్లు ఎక్కువ, అవన్నీ మనకి అర్ధరాత్రి దాటాకే వస్తాయి, సరిగ్గా అవే ముందు రోజుకి పోయాయి. జీఎస్టీ లెక్కలు టాలీ అవ్వట్లేదని ఆడిటర్ గారు పట్టుకునేదాకా బయటపడలేదు.

ఇంకోటి, 13 అంకెల నంబర్లుంటే అవి మిల్లీసెకన్లు, ఇది వాటిని కూడా సెకన్లే అనుకుని 55 వేల సంవత్సరం దాటిన డేట్లు ఇస్తుంది. అది నయం, చూడగానే తప్పని తెలుస్తుంది. అయిదున్నర గంటల తేడానే ప్రమాదం, ఎందుకంటే పగటి ఆర్డర్లకి డేట్ కరెక్ట్‌గానే ఉంటుంది.

ఏ టూల్ అయినా డబ్బు కట్టేముందు ట్రయల్‌లో 1234567890 ఇచ్చి చూడండి. మన టైమ్‌లో 2009 ఫిబ్రవరి 14 ఉదయం 5:01:30 రావాలి. 13వ తేదీ రాత్రి 11:31 వస్తే వదిలేయండి. స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకోవద్దు, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ తెరిచి చూడండి. ట్రయల్‌లో ఎక్స్‌పోర్ట్ ఇవ్వకపోతే అసలు కొనొద్దు.

నిజానికి దీనికి కొనాల్సిన పనే లేదండి, ఎక్సెల్‌లోనే అయిపోతుంది. ఆ నంబర్‌కి 19800 కలపండి (అయిదున్నర గంటల సెకన్లు అవి), వచ్చినదాన్ని 86400తో భాగించి 25569 కలపండి, తర్వాత సెల్ ఫార్మాట్‌లో డేట్, టైమ్ పెట్టుకోండి, అంతే. 13 అంకెలైతే ముందు 1000తో భాగించాలి.

రిఫండ్ అడిగితే డిజిటల్ ప్రొడక్ట్‌కి వాపసు లేదన్నారు, తప్పు చూపించి మెయిల్ పెడితే జవాబు లేదు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ ఇస్తున్నా. ఇలాంటి టూల్‌తో ఇప్పటికే షీట్లు తీసినవాళ్ళు ప్రతి నెలా ఒకటో తేదీ అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 లోపు ఆర్డర్లని ఒరిజినల్ రిపోర్ట్‌తో పోల్చుకోండి, ముందు ఏప్రిల్ 1వి చూడండి.