పీజీకి ఏది మేలు: కాకుటూరా, తిరుపతా, ఒంగోలా?

పీజీసెట్ (పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) ర్యాంకులు వచ్చాయంటే చాలు, తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే. వెబ్ ఆప్షన్లలో ముందు నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి యూనివర్సిటీ పెట్టాలా, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పెట్టాలా? ఒంగోలు వైపు వాళ్లది అక్కడి ఆంధ్ర కేసరి యూనివర్సిటీనా, గుంటూరు దగ్గరి నాగార్జునా అన్న టెన్షన్. మా అన్నయ్య కూతురికి సీటు ఎంచుకునేటప్పుడు మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది కాబట్టి, నాకు అనిపించింది ఒకచోట రాస్తున్నాను.

చాలామంది యూనివర్సిటీ పుట్టిన సంవత్సరం చూసి తేల్చేస్తారు. ఎస్వీయూ 1954, నాగార్జున 1976, సింహపురి 2008, ఆంధ్ర కేసరి 2022. పాతదైతే మంచిదని లెక్క. కానీ యూనివర్సిటీ వయసు వేరు, అందులో మీరు చేరబోయే డిపార్ట్‌మెంట్ వయసు వేరు. సింహపురి కంటే చాలా ముందు నుంచే కావలిలో ఎస్వీయూ పీజీ సెంటర్ నడిచింది, తర్వాత అదే సింహపురిలో కలిసింది. ఒంగోల్లో నాగార్జున వాళ్ల పీజీ సెంటర్ ఆంధ్ర కేసరికి పునాది అయింది. అంతెందుకు, నాగార్జున కూడా 1967లో ఆంధ్రా యూనివర్సిటీ గుంటూర్లో పెట్టిన పీజీ సెంటర్ నుంచి ఎదిగిందే. అందుకే బోర్డు మీది పేరు కొత్తదా పాతదా అని కాకుండా, మీ సబ్జెక్టు అక్కడ ఎప్పటి నుంచి ఉంది, ఎవరు చెబుతున్నారు, ల్యాబ్ నిజంగా నడుస్తోందా అని అడగండి.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది: ఆ సబ్జెక్టు ఆ ఊళ్లో ఉండటానికి కారణం ఉందా? మా అన్నయ్య కూతురు బీఎస్సీలో జువాలజీ చదివింది, మెరైన్ బయాలజీ చేయాలని కోరిక. ఇంట్లో పెద్దలంతా తిరుపతి అన్నారు, నేను మాత్రం సింహపురి అన్నాను. నెల్లూరు జిల్లాకి పొడవైన సముద్రతీరం, ఊరూరా రొయ్యల గుంటలు, తీరం వెంట హేచరీలు, దక్షిణాన పులికాట్ సరస్సు. పుస్తకంలో చదివింది వారం తిరక్కుండా వెళ్లి చూసి రావచ్చు, ప్రాజెక్టుకి శాంపిల్స్ కావాలన్నా దూరం పోనక్కర్లేదు, చదువయ్యాక ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నారు. తను కాకుటూరులోనే చేరింది, సంతోషంగా ఉంది.

అదే తెలుగో సంస్కృతమో అయితే నేనూ తిరుపతే అంటాను. 1939లో టీటీడీ మొదలుపెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ తర్వాత ఎస్వీయూ చేతికి వచ్చింది, తాళపత్రాల మీద పని చేయాలనుకునే వాళ్లకి అది పెద్ద వరం. ఫిజిక్స్‌లో వాతావరణం వైపు ఆసక్తి ఉన్నా అంతే, గాదంకి రాడార్ కేంద్రం ఆ పక్కనే. కెమిస్ట్రీ, మ్యాథ్స్ లాంటివాటికి కూడా ఏళ్ల తరబడి పోగైన లైబ్రరీ, దేశమంతా ఉన్న సీనియర్లు పనికొస్తారు. అక్కడ హాస్టల్లో ఉండగలిగితేనే ఆ లాభం, ఆ మాట మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

కొత్త యూనివర్సిటీ సర్టిఫికెట్‌కి విలువ ఉండదనే భయం మాత్రం వద్దు. గ్రూప్స్‌కో డీఎస్సీకో అప్లై చేసేటప్పుడు గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ ఉందా లేదా అనే చూస్తారు, అది ఏ సంవత్సరంలో పెట్టిందని ఎవరూ అడగరు. నిజానికి నెల్లూరు పిల్లల్లో మంచి ర్యాంకు వచ్చిన వాళ్లంతా తిరుపతికో విశాఖకో వెళ్లిపోతుంటే కాకుటూరు ఎప్పటికి ఎదుగుతుంది? ఈ బాధ నాకు చాలాకాలంగా ఉంది.

ఆంధ్ర కేసరి గురించి ఎక్కువ చెప్పలేను, ఇంకా కుదురుకుంటున్న సంస్థ. కనిగిరి, పొదిలి వైపు నుంచి ఆడపిల్లల్ని దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఒంగోలు అందుబాటులో ఉంది, చదువు ఆపేయడం కంటే వెయ్యి రెట్లు నయం. నాగార్జునకి వెళ్లగలిగితే కామర్స్ లాంటివాటికి అదీ మంచిదే.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఒక్కరోజు వీలు చేసుకుని ఆ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, ఒప్పందం మీద ఎంతమంది అని అక్కడి రెండో ఏడాది పిల్లల్నే అడగండి. పాత యూనివర్సిటీల్లో కూడా రిటైరైన వాళ్ల పోస్టులు ఖాళీగా ఉంటున్నాయి, కాబట్టి తిరుపతిలో కూడా ఇదే ప్రశ్న అడగాలి.