బ్యాగ్ పట్టీకి పెట్టే కెమెరా క్లిప్: ఎండాకాలంలో మాత్రమే బంగారం

కెమెరా అడుగున ఒక ప్లేటు బిగించి, బ్యాగ్ భుజం పట్టీకున్న ఈ క్లిప్‌లోకి దించితే అక్కడే పట్టుకుని ఉంటుంది, బటన్ నొక్కితే వదులుతుంది; మిగతా స్పెసిఫికేషన్లు వదిలేద్దాం. నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటా, వీకెండ్ వస్తే బస్సెక్కి పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో స్టానేజ్, డెర్వెంట్ ఎడ్జ్, కిండర్ వైపు హీథర్ పొదల మధ్య పడి తిరగడమే పని. ఇది కొనకముందు కెమెరా మెడలో వేలాడి పొట్టకి కొట్టుకునేది, లేదంటే బ్యాగ్‌లో ఉండేది, బ్యాగ్‌లో ఉంటే రెడ్ గ్రౌస్ ఫొటో మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ పిట్ట కాలి దగ్గరికొచ్చేదాకా పొదలో నక్కి ఉండి ఒక్కసారి దడదడమని లేచి 'గో బ్యాక్ గో బ్యాక్' అని మనల్నే తిడుతూ పోతుంది. ఇప్పుడు బటన్ నొక్కి లాగానంటే కెమెరా కంటి దగ్గరుంటుంది. ఎగిరేటప్పుడు దొరక్కపోయినా కాస్త దూరంలో దిగి రాయెక్కి మెడ చాచి చూస్తుంది కదా, కంటిపైన ఎర్రగా ఉబ్బిన చర్మం కూడా తెలిసే ఫొటోలు నాకు అప్పుడే వచ్చాయి.

ఇక అసలు గొడవ. జనవరిలో లేడీబవర్ రిజర్వాయర్ నుంచి డెర్వెంట్ ఎడ్జ్ ఎక్కుతుంటే సన్నగా వాన, పైకొచ్చేసరికి ఈదురుగాలి, క్లిప్‌లోకి దిగిన తడి కాస్తా గడ్డకట్టింది. వీల్ స్టోన్స్ అనే రాళ్ళగుట్ట దాటాక ఒక రాతి చాటున మౌంటెన్ హేర్, అంటే మన చెవులపిల్లికి చలిదేశపు చుట్టం. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి తెచ్చి వదిలారు, ఇంగ్లండ్‌లో ఈ కొండల మీదే ఉన్నాయి. చలికాలం తెల్లబడతాయి, ఆ రోజేమో మంచు లేదు, నల్లటి పొదల్లో బియ్యంలో రాయి లాగా, కాకపోతే రంగులు తిరగేసి, దూరం నుంచే కనబడిపోతోంది పాపం. చెవులు వీపుకి అంటించి కదలకుండా కూర్చుంది. నేను నొక్కితే క్లిప్ బటన్ దిగదు. గ్లవ్ తీసి నొక్కా, ఊదా, పళ్ళు కొరికి లాగా, ఊహూఁ. చివరికి బ్యాగ్ మొత్తం భుజం మీంచి దించి, కెమెరాకి బ్యాగ్ వేలాడుతుండగానే మోకాళ్ళ మీద కూర్చుని తీశా. విచిత్రమేంటంటే ఆ ఫొటోలే ఆ చలికాలానికంతా షార్ప్‌గా వచ్చినవి, కింద బరువుండేసరికి చెయ్యి వణకలేదేమో. తిరుగు బస్సులో హీటర్ వేడికి క్లిప్ దానంతటదే వదిలింది. కంపెనీకి రాస్తే గోరువెచ్చటి నీళ్ళతో కడగమన్నారు, కొండ మీద నా దగ్గర ఫ్లాస్కులో టీ తప్ప గోరువెచ్చటిదేముంటుంది?

పైన బంగారం అన్నా గానీ, చిన్న లెన్స్‌కే ఆ మాట. 100-400 లాంటి పెద్ద జూమ్ లెన్స్ తగిలిస్తే పట్టీ ఒకవైపు లాగుతుంది, స్టానేజ్ రాళ్ళెక్కేటప్పుడు పక్కటెముకలకి గుద్దుతుంది. ఆగస్టులో హీథర్ విరబూసినప్పుడు లెన్స్ ఆ పొదల్నే రాసుకుంటూ పోతుంది కాబట్టి లెన్స్ ముందుండే హుడ్ నిండా పుప్పొడి, ల్యాండ్‌స్కేప్ తీసే ముందు ప్రతిసారీ దులుపుకోవాలి. ప్లేటు స్క్రూ కూడా నడిచేకొద్దీ వదులవుతుంది, దాన్ని బిగించే అలెన్ కీ జేబులో ఉంచుకోండి.

ఇప్పుడు నేను డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దీన్ని ఇంట్లో పెట్టి ఛాతీకి కట్టుకునే పౌచ్ వాడుతున్నా, మార్చిలో మళ్ళీ బిగిస్తా. స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ లాంటి ఎత్తైన కొండల్లో చలికాలం తిరిగేవాళ్ళు మాత్రం నా మాట విని కొనకండి, నాది సాయంత్రానికి ఇంటికొచ్చేసే నడక.