పేర్ల స్పెల్లింగులు కలపడానికి ఏది మేలు: సౌండెక్సా, లెవెన్‌స్టైనా, మన అక్షరాల రూల్సా?

ధాన్యం లిస్టు, డ్వాక్రా లిస్టు, గుడి చందాల లిస్టు... ఏది తీసినా ఒకే మనిషి పేరు రెండు మూడు రకాలుగా ఉంటాది. ఒకచోట సత్యనారాయణ, ఇంకోచోట సత్యన్నారాయణ, మరోచోట ఒట్టి సత్యం. వీటిని కంప్యూటర్‌తో కలపడానికి ఆన్‌లైన్లో దొరికే సలహాలు ఎక్కువగా ఇంగ్లీషు పేర్లని చూసి రాసినవే, మన శ్రీకాకుళం విజయనగరం పేర్ల మీద అవి ఎలా నడుస్తాయో నేను చూసింది చెప్తాను.

ముందు సౌండెక్స్. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ పేటెంట్ తీసుకున్న పాత పద్ధతి, ఇంగ్లీషులో రాసిన పేరుకి మొదటి అక్షరం ఉంచి, అచ్చుల్నీ హెచ్, డబ్ల్యూ, వైలనీ తీసేసి, మిగతా హల్లులకి గ్రూపు నంబర్లు ఇచ్చి మూడంకెలకి ఆపేస్తాది. శ్రీకాకుళంలో శ్రీని ఎస్ ఆర్ ఐ అని కొట్టినా, డబుల్ ఈ పెట్టినా, మధ్యలో హెచ్ దూర్చినా కోడు ఒకటే, ఎస్622. విజయనగరం జెడ్‌తో రాసినా జేతో రాసినా వి252. ఇంతవరకు బాగుంది. ఇప్పుడు పలాస, పోలాకి చూడండి, రెండూ పి420! ఇంకా ఘోరం ఏటంటే మన దగ్గర సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు కదా, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ ఇద్దరికీ వచ్చేది ఏ145, ఎందుకంటే అప్పల తర్వాత న దగ్గరికొచ్చేసరికి మూడంకెలూ అయిపోతాయి. పోనీ కలపాల్సినవైనా కలుపుతాదా అంటే, బ్రిటిష్ కాలం కాగితాల్లో ఇదే శ్రీకాకుళం చికాకోల్ అని సీతో మొదలవుద్ది, మొదటి అక్షరమే వేరైతే సౌండెక్స్ చేతులెత్తేస్తాది.

లెవెన్‌స్టైన్ది వేరే దారి. 1965లో రష్యా గణితవేత్త వ్లదిమిర్ లెవెన్‌స్టైన్ చెప్పిన లెక్క, ఒక మాటని ఇంకో మాటగా చెయ్యడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తియ్యాలి, మార్చాలి అన్నదే దూరం. తెలుగు లిపికి నేరుగా వాడొచ్చు, అది పెద్ద లాభం. కానీ కంప్యూటర్ మనలాగ అక్షరం చూడదు, గుణింతం గుర్తుని, పొల్లుని విడివిడిగా లెక్కపెడతాది. కృష్ణ, క్రిష్ణ మధ్య దూరం 3 వస్తాది, ఎందుకంటే ఒక్క ృ గుర్తు ఉన్నచోట పొల్లు, ర, గుడి మూడూ వచ్చాయి. అప్పన్న, అప్పమ్మ మధ్య దూరం 2 మాత్రమే! అంటే ఒకే మనిషికి ఎక్కువ దూరం, మగమనిషికీ ఆడమనిషికీ తక్కువ దూరం. దూరం 2 దాకా ఉన్నవన్నీ కలిపెయ్ అని ప్రోగ్రాం రాస్తే అప్పన్న డబ్బులు అప్పమ్మ ఖాతాలో పడతాయి, కృష్ణ మాత్రం రెండు మనుషులుగా మిగిలిపోతాడు.

రెండు పేర్లు ఎంత పోలి ఉన్నాయో మార్కులేసే ఇంకో పద్ధతి జారో-వింక్లర్, దాని గురించి రెండు ముక్కలు చాలు. అది మాట మొదట్లో కలిసిన నాలుగు అక్షరాల వరకు బోనస్ మార్కులు ఇస్తాది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, తర్వాత అప్పల, పైడి, సూర్య, ఊరంతా ఒకే మొదలు, ఇక ఆ బోనస్ ఎందుకు?

నాకు నచ్చింది మూడోది, ముందు మన అక్షరాలకి రూల్స్ రాసుకోని పేరుని ఒక సాదా రూపంలోకి తేవడం. ణ ఉంటే న, ళ ఉంటే ల, శ ష రెండూ స, ఱ ఉంటే ర (గుఱజాడ, గురజాడ ఇలాగే కలుస్తాయి), ృ ఉంటే క్రారవడి గుడి, ఖ, ఛ, ధ లాంటి ఒత్తు పలికే అక్షరాలు ఉంటే క, చ, ద లాంటి మామూలు అక్షరాలు, అప్పుడు ఇచ్ఛాపురం ఇచ్చాపురం ఒకటే. దీనికంటే ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది, యూనికోడ్ (కంప్యూటర్ ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఇచ్చుకునే నంబరు) శుభ్రం. పైడితల్లి పేరులో ఐత్వం ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేరి రెండుగా ఉండొచ్చు, తెర మీద తేడా తెలీదు, కంప్యూటర్‌కి మాత్రం రెండు వేరు మాటలు. పైడిరాజులు, పైడమ్మలు ఇంతమంది ఉన్న విజయనగరంలో ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి రెండు రూపాల్ని ఒకటిగా చేసే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ ప్రోగ్రాంలో ఒక్క లైను, అది పెడితే సరిపోతాది. కంటికి కనపడని జీరో విడ్త్ గుర్తులు, అప్పల నాయుడు మధ్య ఖాళీ కూడా అప్పుడే తీసెయ్యండి.

అయితే రూల్స్ మరీ ఎక్కువ రాసినా చేటే. దీర్ఘాలన్నీ పొట్టి చేసి, ద్విత్వాలన్నీ విడగొట్టేస్తే రమణ, రామన్న ఇద్దరూ "రమన" అయిపోతారు. అందుకే దీర్ఘం మాట చివర్లోనే తగ్గించాలి, లక్ష్మి లక్ష్మీ కోసం. రామమూర్తి రామ్మూర్తి, సత్యనారాయణ సత్యన్నారాయణ లాంటివి లెవెన్‌స్టైన్‌కే వదిలెయ్యాలి, కాకపోతే ద్విత్వం తేడాకి తక్కువ ఖర్చు (అంటే దూరంలో కలిపే అంకె), న ఉన్నచోట మ వస్తే పూర్తి ఖర్చు అని పెట్టి. సత్యంకి మాత్రం ముద్దుపేర్ల పట్టిక విడిగా రాసుకోవాల్సిందే, ఏ లెక్కా దాన్ని పట్టుకోదు.

కాబట్టి వెతకడానికైతే సౌండెక్స్ లాంటి వదులు పద్ధతైనా పర్లేదు, వచ్చిన పది పేర్లలో మనిషే చూసి ఎంచుకుంటాడు. లిస్టులు కలపడానికైతే రూల్స్, ఆ పైన ఖర్చులు మార్చిన లెవెన్‌స్టైన్, ఈ జతే మేలు. అప్పుడు కూడా దూరం సున్నా వచ్చి, తండ్రి పేరూ ఊరూ కలిస్తేనే ప్రోగ్రాంని కలపనివ్వండి, మిగతా జంటలన్నీ ప్రింటు తీసి ఆ ఊరి మనుషుల్ని తెలిసినవాళ్ల చేత టిక్కు పెట్టించండి.